కంథయు బొంతయు

ప్రాఁత చీరలును, ధోవతులును, క్రొత్తబట్ట కత్తిరింపఁగా మిగిలిన తునుకలును ఒకదానిపై నొకటి పఱచి దారముతోఁ గుట్టినదానిని తెలుఁగువారు బొంత యందురు. సంస్కృతమున దీనికిఁ గంథ యని పేరు. భర్తృహరి వైరాగ్యశతకమున విరాగి ధరించువానిలోఁ గంథ యొకటి. వంగదేశమున నీ శబ్దమే కాంథా యను రూపమున నిలిచి, అచ్చటి స్త్రీల సూచీకర్మకు నామధేయ మైనది. ఈ పని యెంత ప్రాచీనమో నిరూపింపఁబూనినవారిలోఁ గొందఱు, పాణిని సూత్రములందుఁ గంథాశబ్దము కలదు గావున ఆ కాలముననే బొంతలు ప్రసిద్ధములని వ్రాయుట కలదు. శబ్ద మున్నమాట నిజమే. అర్థము మాత్రము వేఱు.

అష్టాధ్యాయిలో 2-4-20వ సూత్రము, ఉశీనరదేశమునకు సంబంధించిన సంజ్ఞ యగునపుడు కంథాంతతత్పురుషము నపుంసకలింగ మగునని విధించుచున్నది. కాశికయందలి యుదాహరణములు సౌశమికంథము, ఆహ్వరకంథము. ఇవి యూళ్ల పేర్లు గాని దుప్పట్ల పేర్లు గావు. ఇంకను సందేహమున్నచో 4-2-142వ సూత్రమును జూడవలయును. అందుఁ గంథాశబ్దము పలద, నగర, గ్రామ, హ్రద శబ్దములతో నొక్కచోటఁ బఠింపఁబడినది. నగరమునకును గ్రామమునకును సరసనుండు పట్టికలోఁ జింకిగుడ్డకుఁ దావెక్కడిది? 4-2-103వ సూత్రమున వర్ణుదేశపుఁ గంథ చెప్పఁబడినది; ఆ వర్ణువే నేఁటి పాకిస్తానమునందలి బన్నూ ప్రాంతమని చారిత్రకుల నిర్ణయము. పాణినికాలపు భారతదేశమునుగూర్చి 1953లో వెలువడిన గ్రంథమున వాసుదేవశరణ అగ్రవాలుఁడు ఈ కంథకుఁ బట్టణమను నర్థమునే గ్రహించెను. మధ్యాసియాయందలి సమర్ఖందు, తాష్కెంటు అను పేళ్ల చివర నున్నదియు సోగ్దుభాషలోఁ బట్టణవాచకమైన కంథ్ అను మాటయే. రూపసామ్యమాత్రముచే అర్థైక్యమును సాధించుట యెవరికైనను దగదు; వ్యాకరణము చదివినవారికి మఱింత తగదు.

అయినను ఈ సాక్ష్యము పోయినందున బొంత ప్రాచీనతకు లోపము లేదు. పేరు వెదకుట మాని పనిని వెదకినచో, అది పాలి వినయపిటకమున సవిస్తరముగాఁ గానవచ్చును. మహావగ్గమునందలి చీవరస్కంధకము ప్రకారము, బుద్ధుఁడు రాజగృహమునుండి దక్షిణాగిరికిఁ బోవుచు, గట్లతోఁ గూడళ్లతో విభక్తములైన మగధదేశపు వరిమళ్లను జూచి, భిక్షువుల చీవరము నా తీరునఁ గూర్పఁగలవా యని ఆనందు నడిగెను. ఆనందుఁడు కూర్చి చూపెను. దాని భాగములకు వేర్వేఱు పేళ్లు కలవు: కుసి, అడ్ఢకుసి, మండలము, అడ్ఢమండలము, కంఠమున్నచోటికి గీవేయ్యకము, పిక్కలయొద్దకు జంఘేయ్యకము. కోసి కుట్టిన వస్త్రము శ్రమణున కనురూప మనియు, పరు లాశింప రనియు నందుఁ గారణము చెప్పఁబడినది.

బొంత కుట్టువారికిఁ దెలిసిన మర్మ మంతయు ఆ స్కంధకమునందే మఱియొక నియమమున నిమిడి యున్నది. క్రొత్తబట్టయైనచో సంఘాటి రెండుపొరలు, ఉత్తరాసంగము ఒకపొర, అంతర్వాసకము ఒకపొర. ప్రాఁతబట్టయైనచో సంఘాటి నాలుగుపొరలు, తక్కిన రెండును రెండేసిపొరలు. చెత్తకుప్పలలో నేఱిన పాంసుకూలమైనచో నెన్ని పొరలైనను వేసికొనవచ్చును. అరిగిన నూలునకు బలము పొరలవలననే వచ్చునని దీని తాత్పర్యము. అంగడిలోఁ బడియుండు తునుకలకుఁ బాపణికమని పేరుపెట్టి, వానిని యత్నించి సేకరింపవలెననియు విధించిరి. చినుఁగుపై వేయు మాసికకు అగ్గళ మనియుఁ గుట్టుపనికిఁ దున్న మనియు నచ్చటి మాటలు. అమరసింహుఁడు కుట్టుపనివానికిఁ జెప్పిన తున్నవాయశబ్దమునందలి తున్నము ఇదియే.

చుల్లవగ్గమున మఱియొక వృత్తాంతము కలదు. కౌశాంబిలో ఉదయనుని యంతఃపురస్త్రీలు ఆనందునకు ఐదునూఱు ఉత్తరాసంగముల నొసఁగిరి. ఇన్ని వస్త్రములతో సన్యాసి వర్తకము చేయునా యని రాజు శంకించి వచ్చి ప్రశ్నించెను. చీవరములు శిథిలమైన భిక్షువులకు వీనిఁ బంచెద ననెను ఆనందుఁడు. ఆ ప్రాఁతచీవరముల నేమి చేయుదు రనఁగా, మంచముపై నాస్తరణములు చేయుదు మనెను. ప్రాఁత యాస్తరణములు పఱపుల గలీబులగును. ప్రాఁతగలీబులు నేలపఱపు లగును. అవి యరిగినఁ గాళ్లు తుడుచుకొనునవి యగును. అవియు నరిగిన దుమ్ము దులుపునవి యగును. చివరకు మిగిలిన పీలికలను దంచి బురదతోఁ గలిపి నేల మెత్తుదు మని చెప్పెను. రాజు సంతోషించి మఱి యైదునూఱు వస్త్రముల నిచ్చెనఁట. ప్రశ్నకుఁ బ్రశ్నకు గుడ్డ యొక్కొక్క మెట్టు దిగుటయే యిందలి రామణీయకము. ఏ మెట్టునందును బాఱవేయుట లేదు.

ఇట్టి కూర్పు వస్తురూపమునఁ జైనాదేశపు పడమటి యంచున దొరకినది. తున్‌హువాంగు గుహలయందు 1907లో స్టైనుపండితుఁడు సంపాదించిన పట్టుతునుకల యతుకువస్త్ర మొకటి బ్రిటిషు మ్యూజియమునఁ గలదు. దానిని గాషాయమనియే వ్యవహరింతురు. వంగదేశపుఁ గాంథాలలో నాశ్చర్యమేమనఁగా, దారము సైతము క్రొత్తది గాదు: ప్రాఁతచీరల యంచులనుండి రంగునూలును లాగి దానితోనే బొమ్మలు కుట్టెడివారు. గురుసదయదత్తు (1882-1941) సేకరించినవానిలో నట్టివి గలవు.

తెలుఁగుదేశపు బొంతకు బొమ్మలు లేవు. చినిఁగినవానిని లోపలఁ బఱచి, గట్టివానిని బైకి నుంచి, అంచులు మొదట బిగించి, పెద్దసూదితో వరుసగాఁ గుట్టుకొని పోవుటయే దాని శిల్పము. అయినను గుడ్డ మెట్లు దిగు క్రమము మన యిండ్లలోను గలదు. ఒక్కొక్క మెట్టునకు నొక్కొక్క పేరును గలదు. చీర మెత్తబడినఁ జంటిబిడ్డకుఁ బొత్తిగుడ్డ యగును. అనేకములు చేరిన బొంత యగును. బొంతకుఁ బనికిరాని పేలిక వంటయింట మసిగుడ్డ యగును. కట్టకడపట నది పేడనీళ్లలో మునిఁగి యలుకుగుడ్డ యగును. ఆనందుని గుడ్డ బురదతోఁ గలిసి నేలలోనికే పోవును. మన యలుకుగుడ్డ నేలను మెత్తి, మఱునాఁటికిఁ దిరిగి పెరటిగోడపై నాఱుచుండును.