డార్ఫ్ రాతలు లండన్‌ల ఉన్నయి, పేర్లు మన అవ్వల దగ్గర ఉన్నయి

పోస్టు కొంచెం పెద్దది, తీరిక చేసుకుని చదవండి.

మార్లవాయి పేరు వినని గోండు పిల్లలు మన గ్రూపులో ఉండరు. ప్రతి ఏడు జనవరి 11న అక్కడ హైమన్‌డార్ఫ్, ఆయన భార్య బెట్టి ఎలిజబెత్ సమాధుల దగ్గర మన పెద్దలు పూలు పెట్టి దండం పెడతారు. మాకు కూడా డార్ఫ్ అంటే చాన్నాళ్లు ఆ సమాధులే. ఆయన ఊరూరు తిరిగి రాసుకున్న కాగితాలు ఏమైనయి అని ఎప్పుడూ అడగలేదు. ఈ మధ్యనే హాస్టల్‌లో మా రూంలో ఆ మాట వచ్చింది. వెతికితే తెలిసిన సంగతులే ఇవి.

డార్ఫ్ 1909లో వియన్నాలో పుట్టిండు. ముందు నాగా కొండల్లో పని చేసి, 1939లో మళ్లీ ఇండియాకు వచ్చిండు. అప్పుడే యుద్ధం మొదలైంది. ఆస్ట్రియా అప్పటికే జర్మనీలో కలిసిపోయింది కాబట్టి ఆయన దగ్గర ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు. అంటే బ్రిటిష్ వాళ్లకు శత్రుదేశం మనిషి. అందుకే నిజాం రాజ్యంలోనే ఉండాలని కట్టడి పెట్టారు. ఆ కట్టడిలోనే చెంచుల దగ్గరకు, కొండరెడ్ల దగ్గరకు, తర్వాత మన దగ్గరకు వచ్చిండు. చెంచుల పుస్తకం 1943లో, కొండరెడ్లది 1945లో, రాజగోండులది 1948లో అచ్చయినయి.

ఒక సంగతి మరువొద్దు. 1940 అక్టోబరులో జోడేఘాట్‌లో కుమ్రం భీం చనిపోయిన తర్వాతే ఆదిలాబాద్ గోండుల పరిస్థితి చూసి చెప్పమని నిజాం సర్కారు డార్ఫ్‌ను అడిగింది. అంటే ఆ రాతల వెనుక భీం రక్తం ఉన్నది. భూమి ఎట్ల పోయింది, అడవి నుంచి ఎట్ల వెళ్లగొట్టారు, సాహుకార్లు ఏం చేశారు అన్నది ఆయన సర్కారుకు రాసిచ్చిండు. 1943లో మార్లవాయిలో గోండి మాటతో చదువు మొదలైంది. కేస్లాపూర్ నాగోబా జాతరలో దర్బార్ పెట్టించింది కూడా ఆయనే. మంచి చేసిండు, కానీ సర్కారు మనిషిగా చేసిండు. రెండూ నిజమే.

1976 దాకా ఆయన లండన్ యూనివర్సిటీలోని సోయాస్‌లో పని చేసిండు. డైరీలు, ఫీల్డు నోట్సు, ఫొటోలు, సినిమా రీళ్లు అక్కడి లైబ్రరీకే చేరినయి. ఫొటోలు స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో పెట్టారు. మన తాతల ఊర్లు ఇప్పుడు మన ఫోన్లలో కనిపిస్తున్నయి.

స్కాన్ చేస్తే పని అయిపోయినట్టేనా? కాదు. ఆయన నాగా ఫొటోలు, డైరీలనే చూడండి. 1980ల చివర కేంబ్రిడ్జి వాళ్లు వాటిని వేరేవాళ్ల ఫొటోలతో కలిపి వీడియోడిస్క్‌లో ఎక్కించారు. అప్పటికి అది చాలా కొత్త వస్తువు. కొన్నేళ్లకే ఆ డిస్క్ ఆడించే మిషన్లు మూలకు పడ్డయి, అదంతా మళ్లీ ఇంటర్నెట్‌లోకి మార్చాల్సి వచ్చింది. పైగా ఆ డైరీలు జర్మన్‌లో ఉండె, ఇంగ్లీషులోకి తెచ్చినంకనే వేరేవాళ్లకు అక్కరకు వచ్చినయి. కాగితాన్ని చెద తింటది, ఫైలును కాలం తింటది. ఒక్క చోటనే, ఒక్క రకంగానే దాచింది ఏదీ నిలవదు.

ఇగ మా సంగతి. మొన్న సెలవులకు ఊరికి పోయినప్పుడు ఒక పాత ఫొటోను మా వాడకట్టు అవ్వకు ఫోన్‌లో చూపించినం. కింద ఊరి పేరు ఉంది, మనిషి పేరు లేదు. అవ్వ చాలాసేపు చూసింది. "మొహం మంచిగ ఆనుత లేదు బిడ్డా. మెడల ఉన్నదైతే మా అమ్మకు కూడ ఉండె. కరువుల అమ్మినం" అన్నది. తర్వాత ఆ సొమ్ము పేరు, దాన్ని ఎవరు వేసుకుంటరో, ఎప్పుడు తీస్తరో అన్నీ చెప్పింది. లండన్ లైబ్రరీలో ఎంత వెతికినా ఇది దొరకదు.

గుంజాలలో జరిగింది కూడా ఇదే. అక్కడి ఇళ్లలో పెద్దలు దాచిన గోండి రాతప్రతులు బయటికి వచ్చినప్పుడు, ఆ లిపి చదవగలిగిన వాళ్లు కొద్దిమందే మిగిలి ఉండిరి. వాళ్లు బతికి ఉండబట్టే ఆ రాతలకు అర్థం మిగిలింది. ఆ లిపి 2018లో యూనికోడ్‌లోకి ఎక్కింది. చదివే మనిషి లేకుంటే కాగితం ఉన్నా గీతలే కదా.

అందుకే మా రూంవాళ్లం ఒక పని మొదలుపెట్టినం. మీరు కూడా కలవండి. ఒక్కొక్కరు ఒక్క ఫొటో తీసుకొని, ఊర్లో ఒక్క పెద్దమనిషికి చూపియ్యండి. ఎవరు, ఏ ఊరు, ఏ పండుగ, ఏ పాట, ఏ సగ అని అడిగి, వాళ్ల మాటలోనే రికార్డు చెయ్యండి. చెప్పినవాళ్ల పేరు, తారీఖు తప్పక రాయండి. అనుమానం ఉంటే అనుమానం అనే రాయండి, సొంతంగా కల్పించొద్దు. రెండు మూడు చోట్ల దాచండి.

కానీ ముందు అడగండి. పెర్సాపెన్ పూజ లాంటివి అందరికీ చూపేవి కావు. ఆనాడు మన పెద్దలు డార్ఫ్‌ను ఇంటి చుట్టంలెక్క రానిచ్చారు, లోకమంతా ఫోన్‌లో చూస్తదని వాళ్లకు తెల్వదు. పెద్దలు వద్దంటే వద్దు.

లండన్ పెట్టెల్లో కాగితాలు ఇంకా వందేళ్లు ఉంటయి. మా అవ్వకు ఎనభై దాటినయి. ఈ దీపావళికి దండారి ఆడను ఊరికి పోయినప్పుడే మొదలుపెడదాం.

జై సేవా. జై ఆదివాసీ.