గుర్తుల అక్షరాల టైపింగు

రోమన్ అక్షరానికి పైనో కిందో గీత, చుక్క, కొక్కెం చేరితే దాన్ని కీబోర్డు మీద కొట్టడం ఎలా అన్నది టైపింగు చరిత్రలో పాత చిక్కు. ఫ్రెంచి ‘కెఫే’ మాట చివర ‘ఇ’ మీద ఉండే వాలుగీత ఇందుకు చక్కని ఉదాహరణ.

చేత్తో అక్షరాలు కూర్చిన అచ్చు శతాబ్దాల్లో ఈ బాధ లేదు. గుర్తుతో సహా పోతపోసిన సీసపు అక్షరం కంపోజిటరు అరలోనే ఉండేది. టైపుమిషన్ మీద ప్రతి గుర్తు అక్షరానికీ విడిగా కీ పెట్టే చోటు లేదు కాబట్టి, ఫ్రెంచి టైపుమిషన్‌లో టోపీగుర్తుకు ‘డెడ్ కీ’ వచ్చింది. దాన్ని కొడితే గుర్తు పడుతుంది గాని క్యారేజి కదలదు, తర్వాతి అక్షరం ఆ గుర్తు కిందే పడుతుంది.

ఆ తర్వాత కంప్యూటర్లు వచ్చాయి. వాటిలో అక్షరాలకు సంఖ్యలిచ్చే 1963 నాటి ఆస్కీ ప్రమాణంలో స్థానాలు 128 మాత్రమే. ఇంగ్లీషుకు సరిపోయాయి, యూరపుకు చాలలేదు. జర్మన్లు కర్లీ బ్రాకెట్ల చోట రెండు చుక్కల అక్షరాలు పెట్టుకున్నారు. దాంతో సీ భాషలో ప్రోగ్రాములు రాసేవారికి బ్రాకెట్టు ఉండాల్సిన చోట చుక్కల ‘ఎ’ కనిపించేది.

1981లో వచ్చిన ఐబీఎం పీసీ 256 స్థానాలిచ్చింది. ఆల్ట్ నొక్కిపట్టి, కుడిపక్క అంకెల మీద 130 కొడితే వాలుగీత ‘ఇ’ వచ్చేది. విండోస్‌లో అదే అక్షరం సంఖ్య 233 అయింది. పాత అలవాటు చెడకుండా 130ని ఉంచి, కొత్త సంఖ్యకు ముందు సున్నా తగిలించి 0233 చేశారు. అమెరికన్ విండోస్‌లో ఆ సున్నా మరిస్తే గ్రీకు థీటా ప్రత్యక్షమవుతుంది. 1983లో డెక్ సంస్థ వీటీ220 టెర్మినల్‌తో తెచ్చిన ‘కంపోజ్’ కీ ఇంతకంటే తెలివైనది: కంపోజ్, అపాస్ట్రఫీ, ‘ఇ’ వరసగా కొడితే చాలు. సంఖ్య కాదు, అక్షరం ఆకారం గుర్తుంటే పని జరుగుతుంది. డెక్ అక్షరాల పట్టికే 1987 నాటి ఐఎస్ఓ 8859-1కు ఆధారం.

ఆ పట్టికలో తెలుగును రోమన్ లిపిలో రాయడానికి కావలసిన పైగీత ‘ఎ’, కిందిచుక్క ‘ఎన్’ లేవు. తెలుగును మామూలు రోమన్ అక్షరాలతో రాసే ఆర్‌టీఎస్ పద్ధతి గుర్తుల జోలికే పోకుండా ‘ట’, ‘ణ’లకు పెద్దబడి అక్షరాలు వాడి గట్టెక్కింది.

1991లో, లిపులన్నిటికీ ఒకే పట్టికగా ఉద్దేశించిన యూనికోడ్ తొలి సంపుటం వచ్చింది. వాలుగీత ‘ఇ’ సంఖ్య అందులోనూ 233 గానే ఉంది. అయితే మామూలు ‘ఇ’కి విడిగా గీత చేర్చి రాసే దారీ ఉంది, రెండూ కంటికి ఒకటే అయినా, వెతికేటప్పుడు ఒకదానికి మరొకటి దొరక్కపోవచ్చు.

ఫ్రెంచి కీబోర్డు మీద వాలుగీత ‘ఇ’ 2 అంకె కీ మీదే ఉంటుంది. షిఫ్ట్ నొక్కితే అంకె వస్తుంది కాబట్టి అదే అక్షరం పెద్దబడి రూపానికి చోటు లేకపోయింది. 2019 ఏప్రిల్‌లో ఫ్రెంచి ప్రమాణాల సంస్థ ఆఫ్నోర్ ప్రకటించిన కొత్త అమరిక ఆ లోటు తీర్చింది. దాన్ని పాటించాలన్న నిర్బంధం కీబోర్డు తయారీదారులకు లేదు.