పందికొక్కు నుంచి బాండికూట్ దాకా

ప్రజల సొమ్ము కాజేసేవాళ్లను ‘పందికొక్కుల్లా మేస్తున్నారు’ అని తిట్టడం తెలుగువాళ్లకు అలవాటు. ఇంగ్లిష్ నిఘంటువుల్లోని ‘బాండికూట్’ ఈ పందికొక్కే.

కొక్కు అంటే పెద్ద ఎలుక. పందిలా బలిసి, ఎవరైనా మీదికొస్తే గుర్రుమంటుంది కాబట్టి పందికొక్కు అయింది. ఇందులోనే ఓ చిన్న జాతి వరిపొలాల్లో కలుగులు తవ్వి కంకులు దాచుకుంటుంది. కరువు రోజుల్లో ఆ కలుగులు తవ్వి గింజలు ఏరుకున్న పేదలున్నారు.

ఇంగ్లిష్ ఈస్టిండియా కంపెనీ 1611లో మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టింది. తెలుగు తీరంతో అలా మొదలైన సంబంధంలో ఎన్నో మాటలు చేతులు మారాయి. 18వ శతాబ్దం ముగిసేసరికి పందికొక్కు ఇంగ్లిష్‌లో చేరిపోయింది. తెల్లవాళ్ల నోట పకారం బకారమైంది, కొక్కు ‘కూట్’ అయింది. 1873లో జాన్ ఎడ్వర్డ్ గ్రే ఈ ఎలుకల ప్రజాతికి ‘బాండికోటా’ అని పేరు పెట్టడంతో తెలుగు మాట జీవశాస్త్రంలోనూ స్థిరపడింది. 1886లో యూల్, బర్నెల్ తమ ‘హాబ్సన్-జాబ్సన్’ నిఘంటువులో దీని మూలం తెలుగేనని రాశారు.

అసలు మలుపు మాత్రం ఆస్ట్రేలియాలో వచ్చింది. పొడవాటి మూతితో నేల తవ్వే ఓ చిన్న జంతువును అక్కడ చూసిన అన్వేషకుడు జార్జ్ బాస్ 1799లో దాన్ని బాండికూట్ అన్నాడు. చూపుకు పోలికే తప్ప రెండింటికీ చుట్టరికం లేదు. అది ఎలుక కాదు, కంగారూలా సంచి ఉన్న జంతువు. తవ్వేటప్పుడు పిల్లల మీద మట్టి పడకుండా దాని సంచి వెనక్కి తెరుచుకుంటుంది. కొన్ని జాతుల్లో గర్భకాలం సుమారు పన్నెండున్నర రోజులే. ఐరోపావాళ్లు తెచ్చి వదిలిన నక్కలు వీటిని చాలాచోట్ల తుడిచిపెట్టాయి. కొన్ని జాతులు పూర్తిగా అంతరించాయి.

ప్రపంచానికి ఇప్పుడు ఎక్కువగా తెలిసింది ఈ రెండో బాండికూటే. 1996లో వచ్చిన వీడియో గేమ్ ‘క్రాష్ బాండికూట్’ దాన్ని పిల్లలకు మరింత దగ్గర చేసింది. కేరళ సంస్థ జెన్‌రోబోటిక్స్ మాత్రం మ్యాన్‌హోళ్లను శుభ్రం చేసే రోబోకు బాండికూట్ అని పేరు పెట్టింది. మనుషులను మురుగు గోతుల్లోకి దింపే దారుణాన్ని ఆపేందుకు పుట్టిన యంత్రానికి ఆ పేరు దక్కడం సంతోషించాల్సిన విషయం.

ఇంగ్లిష్ నుంచి మనం తెచ్చుకున్న మాటలను బడిలో పిల్లలకు చెబుతూనే ఉన్నాం. మనం ఇచ్చినవీ చెప్పాలి. తెలుగు పాఠ్యపుస్తకాల్లో పందికొక్కుకు ఒక పేజీ కేటాయిస్తే తమ భాష ఎంత దూరం వెళ్లిందో వాళ్లకు తెలుస్తుంది.