పొగాకునకు పురాణమున్నదా?

మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములు మూడు భాషలు కలియు సీమ. ఇచట తెలుగువారు చుట్ట యనుదానిని తమిళులు సురుట్టు అందురు. ఈ సురుట్టే ఆంగ్లమున చెరూట్ అయినది. చుట్టబడినది చుట్ట, పొగకై వాడు ఆకు పొగాకు. ప్రజలు పనిని బట్టి పేరు కల్పించుకొనిరనగా, ఆ వస్తువు మనకు క్రొత్తగా వచ్చినదని ఊహింపవచ్చును. చరిత్రయు ఆ మాటయే చెప్పుచున్నది.

పొగాకు అమెరికా ఖండపు మొక్క. 1492లో కొలంబసు అచ్చటికి పోవువరకు మన పూర్వులు దాని నెరుగరు. పోర్చుగీసువారు దానిని మన పడమటి తీరమునకు తెచ్చిరి. 1604-05 ప్రాంతమున అసద్ బేగ్ అను నుద్యోగి బిజాపురమునుండి పొగాకును కొనిపోయి అక్బరు చక్రవర్తికి సమర్పించెను. వైద్యగ్రంథములు చెప్పని వస్తువును పరీక్షింపక సేవింపరాదని ఆస్థానవైద్యుడు వారించెను. 1617లో జహంగీరు ధూమపానమును నిషేధించెను. అయినను అలవాటు శాసనముకంటె వేగముగా నడచినది.

చరకసంహితలో ధూమపానము లేదా యని కొందరడుగుదురు. ఉన్నది, కాని అది ఓషధులతో చేసిన వర్తిని వెలిగించి చేయు చికిత్స. అందు పొగాకు లేదు. ఇట్టి వాదమును గురజాడ అప్పారావుగారు 1892లోనే ప్రదర్శింపబడిన కన్యాశుల్కమున నవ్వులపాలు చేసిరి. గరుత్మంతుడు తెచ్చిన అమృతపు చుక్క పొగచెట్టయినదను చాటుపద్యమును గిరీశము తన శిష్యునకు పురాణ ప్రమాణముగా వినిపించును. మనము నవ్వుదుము. కాని మన యిండ్లలో ఎన్ని క్రొత్త దురాచారములు ఇట్లే ప్రాచీనతను అరువు తెచ్చుకొని నిలిచినవో ఆలోచింపము.

ఇంతమాత్రమున ఆ ఆకును పండించి పక్వము చేయువారి నేర్పును తక్కువ చేయరాదు. గోదావరి వరదలు ఒండ్రు పరచిన లంకలలో పెరుగు లంకపొగాకు ఘాటునకు ప్రసిద్ధము. అమెరికాలో కనెక్టికటు నదీలోయయందును వెడల్పయిన దళసరి యాకు నొకదానిని ఎండలో పెంచి, కోసి, ఆరవైతురు. పిమ్మట గుట్టలుగా పేర్తురు. లోన వేడి పుట్టి ఆకు మాగును. పచ్చివాసనయు కటుత్వమును తగ్గి, రంగు నలుపు దేరును. దీనిని మదూరో అందురు. స్పానిషు భాషలో ఆ మాటకు పండినది అని యర్థము. లోపల పలు విధముల ఆకులను కూర్చి, ఒక ఆకుతో బిగించి, పైని ఈ నల్లని యాకును చుట్టుదురు. దాని పొగలో కాఫీ, కోకో, బెల్లపుపాకము, మిరియము తోచునని రసజ్ఞులు చెప్పుదురు. పక్వము రుచిని మార్చును. విషమును మాత్రము తీసివేయదు.

ఆ విషము మాట వినవలసినవారు మన స్త్రీలును. శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములలో పలువురు స్త్రీలు నిప్పుకొనను నోటిలో నుంచుకొని త్రాగుట కలదు. దానిని అడ్డపొగ యందురు. అది అంగిటిపై పుండ్లు, క్యాన్సరు కలిగించునని వైద్యులు కనుగొనిరి. మరియు మదనపల్లె చెంత ఆరోగ్యవరమున 1915లో క్షయరోగ చికిత్సాలయము వెలసినది. పొగత్రాగు పురుషులు క్షయచే మరణించుట త్రాగనివారికంటె సుమారు నాలుగింతలని, తమిళనాడులో జరిగి 2003లో లాన్సెట్ పత్రికలో వెలువడిన పరిశోధన తెలిపినది. స్వచ్ఛమైన గాలికై రోగులు వెదకికొని వచ్చిన సీమలో, అరుగుపై కూర్చుండి శ్వాసకోశములను పొగతో నింపుకొనుట ఎంత విపరీతము!

తాతగారు త్రాగిరి గదా యని పిల్లవాడన్నచో, తాతగారికి తాతలు పలువురు దాని పేరైన నెరుగరని చెప్పవలెను. నాలుగు వందల యేండ్ల క్రిందట వాకిట ప్రవేశించిన యతిథి యిది; ఇంటి దేవుడు కాదు. వచ్చిన త్రోవనే సాగనంపుటకు మనకు ఏ శాస్త్రమును అడ్డు రాదు.