జబ్బు మొదలైన తేదీ

మొదటి రకం మధుమేహానికి ఆసుపత్రి కాగితాల్లో ఒక తేదీ ఉంటుంది. నిన్నమొన్నటిదాకా ఆడిపాడిన పిల్ల కొద్ది వారాల్లో చిక్కి శల్యమవుతుంది. ఎన్ని నీళ్లు తాగినా దాహం తీరదు. పరీక్ష చేస్తే రక్తంలో చక్కెర హద్దు మీరి ఉంటుంది. ఆ రోజే జబ్బు మొదలైనట్టు నమోదవుతుంది. నిజానికి అది ఎన్నో ఏళ్ల ముందే మొదలైందని తేల్చడానికి బ్రిటన్‌లో కొందరు వైద్యులు, కొన్ని వందల కుటుంబాలు దశాబ్దాల పాటు ఓపిక పట్టవలసి వచ్చింది.

1922కు ముందు ఆ తేదీ మరణశాసనమే. లండన్ కింగ్స్ కాలేజ్ హాస్పిటల్ వైద్యుడు రాబర్ట్ లారెన్స్‌కు 1920లో ఈ వ్యాధి బయటపడింది. ఇంటివారికి భారం కాకూడదని ఆయన ఫ్లోరెన్స్ వెళ్లి మరణం కోసం ఎదురుచూశారు. 1923లో ఇన్సులిన్ అందడంతో లండన్ తిరిగి వచ్చి, 1968 దాకా జీవించారు. 1925లో రోగుల కోసం 'ది డయాబెటిక్ లైఫ్' రాశారు. 1934లో నవలాకారుడు హెచ్.జి. వెల్స్‌తో కలిసి మధుమేహుల సంఘాన్ని స్థాపించారు. ఇన్సులిన్ ప్రాణం నిలిపింది కానీ రెండు ప్రశ్నలను మిగిల్చింది. క్లోమంలో ఇన్సులిన్‌ను తయారుచేసే కణాలు ఎందుకు నశిస్తున్నాయి? బతికి బట్టకట్టినవారికి ఏళ్లు గడిచాక కళ్లు, మూత్రపిండాలు ఎందుకు చెడుతున్నాయి?

మధుమేహమంతా ఒకటే జబ్బు కాదని 1936లో హెరాల్డ్ హిమ్స్‌వర్త్ చూపారు. కొందరి శరీరం ఇన్సులిన్‌కు వెంటనే లొంగుతుంది, కొందరిది లొంగదు. మొదటి ప్రశ్నకు సమాధానం 1974లో లండన్ మిడిల్‌సెక్స్ హాస్పిటల్‌లో దొరికింది. డెబొరా డోనియాక్ అక్కడ థైరాయిడ్ గ్రంథిపై దేహమే దాడి చేస్తుందని అంతకు ముందే నిరూపించిన బృందంలో ఒకరు. ఆమె, ఇటలీ నుంచి వచ్చిన జాన్‌ఫ్రాంకో బొట్టాజో కలిసి కొందరు రోగుల సీరంను మానవ క్లోమపు పలుచని పొరలపై పరీక్షించారు. అందులోని ప్రతిరక్షకాలు లాంగర్‌హాన్స్ పుటికలకు అంటుకున్నాయి. కంచే చేను మేస్తోందన్న మాట.

మరి ఎప్పటినుంచి మేస్తోంది? అది తెలియాలంటే జబ్బు ఇంకా రానివారిని గమనించాలి. లండన్ బార్ట్స్ హాస్పిటల్‌కు చెందిన ఆండ్రూ కడ్‌వర్త్, విండ్సర్‌లోని జాన్ లిస్టర్ 1978లో ఆ పనికి పూనుకున్నారు. మధుమేహం వచ్చిన పిల్లల తోబుట్టువుల నుంచి, తల్లిదండ్రుల నుంచి రక్తం సేకరించి, ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ పరీక్షించారు. మధుమేహం తర్వాత వచ్చినవారి రక్తంలో ఆ ప్రతిరక్షకాలు ఎంతో ముందునుంచే ఉన్నాయని 1981లో ప్రకటించారు. హఠాత్తుగా వచ్చిందనుకున్న జబ్బు నిశ్శబ్దంగా ఏళ్లకేళ్లు సాగిందని తేలింది. కడ్‌వర్త్ మరణించాక ఆ కృషిని ఎడ్విన్ గేల్ కొనసాగించారు. 1985లో ఆక్స్‌ఫర్డ్ ప్రాంతంలో మొదలైన కుటుంబాల అధ్యయనం ఆ తర్వాత బ్రిస్టల్‌కు తరలింది.

రెండో ప్రశ్నకూ ఇటువంటి సమాధానమే వచ్చింది. లండన్ గైస్ హాస్పిటల్‌లో హ్యారీ కీన్ బృందం మామూలు పరీక్షకు అందనంత స్వల్పమైన ఆల్బుమిన్‌ను మూత్రంలో కొలవడం నేర్చింది. అలా కొలిచిన రోగులను 14 ఏళ్ల తర్వాత వెతికి పట్టుకుని, 1982లో ఫలితాలు వెల్లడించారు. ఆల్బుమిన్ కాస్త ఎక్కువగా ఉన్న 8 మందిలో 7గురికి మూత్రపిండాల జబ్బు ముదిరింది. తక్కువగా ఉన్న 55 మందిలో ఇద్దరికే వచ్చింది. అంటే, ఉపద్రవం కూడా ముందే కబురు పంపుతుంది.

కబురు అందినంత మాత్రాన ఆపద ఆగదు. ప్రతిరక్షకాలున్న 552 మంది బంధువులపై గేల్ నాయకత్వంలో నికోటినమైడ్ అనే విటమిన్‌ను పరీక్షించారు. ఐదేళ్ల తర్వాత, 2004లో వెలువడిన ఫలితం నిరాశ కలిగించింది. మందు తీసుకున్న 276 మందిలో 82 మందికి, ఉత్తుత్తి మాత్ర తీసుకున్న 276 మందిలో 77 మందికి మధుమేహం వచ్చింది. అయినా ఆ కుటుంబాల శ్రమ వృథా కాలేదు. ముప్పు ఎవరికుందో ముందుగా గుర్తించవచ్చన్న పునాది వారు వేసిందే. దాని మీదనే టెప్లిజుమాబ్ పరీక్ష నడిచింది. జబ్బు రాకను సుమారు రెండేళ్లు వాయిదా వేయగలిగిన ఆ మందుకు 2022లో అమెరికాలో, 2025లో బ్రిటన్‌లో అనుమతి లభించింది.

రెండేళ్లంటే తక్కువనిపించవచ్చు. ఎనిమిదేళ్ల పిల్లకు పదో ఏట దాకా సూదులు లేని బాల్యం దక్కడం, ఆ తల్లిదండ్రులకు తక్కువేమీ కాదు. అయితే, ఆడుకుంటున్న బిడ్డకు రాబోయే రోగం గురించి ముందే తెలుసుకుని బతకడం వారికి తేలిక కూడా కాదు. బ్రిటన్‌లో ఇప్పుడు ఎల్సా అనే అధ్యయనం, ఇంట్లో ఎవరికీ మధుమేహం లేని పిల్లల వేలి నుంచి కూడా రక్తపు చుక్క తీసుకుని ఆ ప్రతిరక్షకాల కోసం వెతుకుతోంది. విండ్సర్‌లో చేయి చాచి రక్తమిచ్చిన తోబుట్టువులకు ఆనాడు ఏ మందూ లేదు. వారు ఇచ్చిన రక్తం ఫలం ఇప్పుడు ఈ పిల్లలకు అందుతోంది.