నంద్యాల నుంచి పీజీకి: ముందు యూనివర్సిటీయా, ముందు ర్యాంకా?

ఈ ఎపిసోడ్‌లో కూడా చరిత్రే, కానీ రాజుల చరిత్ర కాదు. మీ ఫోన్‌లో పీడీఎఫ్‌గా ఉండే ర్యాంక్ కార్డు చరిత్ర. నంద్యాలలోనో ఆళ్లగడ్డలోనో డిగ్రీ పూర్తిచేసినవాళ్లు పీజీ ఎక్కడ చదవాలో ఇన్నేళ్లూ ఎవరు నిర్ణయించారు? అది చూద్దాం.

మొదట్లో దూరమే నిర్ణయించింది. 1937లో శ్రీబాగ్ ఒడంబడిక జరిగినప్పుడు రాయలసీమ నాయకులు నీళ్లు, రాజధాని మాత్రమే అడగలేదు. అనంతపురంలో యూనివర్సిటీ కేంద్రం కూడా అడిగారు. చదువు కోసం అంత దూరం పోవాల్సి రావడం అప్పటికే పెద్ద సమస్య అన్నమాట. 1954లో తిరుపతిలో శ్రీ వెంకటేశ్వర యూనివర్సిటీ వచ్చింది. 1968లో అనంతపురంలో మొదలైన దాని పీజీ సెంటరే 1981లో శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీ అయింది. 2006లో కడపలో యోగి వేమన యూనివర్సిటీ పెట్టారు. కర్నూలు పీజీ సెంటర్ 2008లో రాయలసీమ యూనివర్సిటీగా మారింది. ఇప్పుడు ఆళ్లగడ్డ హైవే మీద నిలబడితే ఒకవైపు బస్సు నంద్యాల మీదుగా కర్నూలుకు పోతుంది, ఇంకోవైపు బస్సు కడపకు పోతుంది. రెండువైపులా యూనివర్సిటీలే.

దూరం తగ్గింది సరే, మరి ఎంట్రన్స్ సంగతి? చాలా ఏళ్లు ఎవరి పరీక్ష వాళ్లదే. తిరుపతికి ఒక సెట్, అనంతపురానికి ఒక సెట్, విశాఖకు ఇంకో సెట్. అప్లికేషన్ వేరు, ఫీజు వేరు, కౌన్సెలింగ్ వేరు. ఒకచోట వచ్చిన ర్యాంకు ఇంకోచోట చెల్లదు. అంటే పరీక్ష రాయకముందే యూనివర్సిటీని ఎంచుకోవాలి. చేతిలో డబ్బులున్నవాళ్లు నాలుగు చోట్ల అప్లై చేసేవాళ్లు, లేనివాళ్లు ఒక్కచోటే వేసి ఆశపడేవాళ్లు.

2021లో ఇది తిరగబడింది. రాష్ట్ర యూనివర్సిటీలన్నిటికీ కలిపి ఏపీ పీజీసెట్ పెట్టారు. మొదటిసారి నడిపింది మన పక్కనున్న యోగి వేమన యూనివర్సిటీయే. 100 ప్రశ్నలు, 90 నిమిషాలు. ముందు ర్యాంకు, తర్వాత వెబ్ ఆప్షన్లు. అప్పటిదాకా స్కోరు పట్టుకుని యూనివర్సిటీలు మనల్ని వడకట్టేవి. ఇప్పుడు అదే స్కోరు పట్టుకుని మనం కూడా యూనివర్సిటీలను వరసలో పెట్టొచ్చు.

అయితే ర్యాంకు ఒక్కటే చూసి ఆప్షన్లు పెడితే దెబ్బతింటారు. ఎందుకంటే దాని వెనకాల ఇంకో రెండు పాత కథలున్నాయి.

ఒకటి, 1974 రాష్ట్రపతి ఉత్తర్వు. 85 శాతం సీట్లు లోకల్ వాళ్లకే. నంద్యాల పిల్లలు ఎస్వీయూ ఏరియా కింద లోకల్. అందుకే ఒకే ర్యాంకుకు తిరుపతిలో సీటు వచ్చి, విశాఖలో రాకపోవచ్చు.

రెండు, ఫీజు. 2020 డిసెంబరులో వచ్చిన జీవో 77, ప్రైవేటు కాలేజీల్లో పీజీ చేసేవాళ్లకు ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆపేసింది. యూనివర్సిటీ, ప్రభుత్వ కాలేజీల్లో చదివేవాళ్లకే ఉంచింది. దాన్ని రద్దు చేయమని విద్యార్థి సంఘాలు రోడ్డెక్కాయి. కూలి చేసుకునే ఇంట్లో పిల్లకు ఇంటి పక్క ప్రైవేటు కాలేజీ కన్నా, హాస్టల్లో ఉండి చదివే దూరపు యూనివర్సిటీయే చవక అయ్యే పరిస్థితి వచ్చింది. కాబట్టి మీరు ఆప్షన్లు పెట్టే ఏడాది రూల్ ఏముందో, అది రెగ్యులర్ సీటా సెల్ఫ్ ఫైనాన్సా అన్నది ముందే చూసుకోండి.

ఇంకో మాట. మీ ర్యాంకుకు అందేవాటిలో మీ లిస్టులో పైనున్న సీటే మీకిస్తారు. అందుకని "ఇది గ్యారంటీగా వస్తుందిలే" అనుకున్నదాన్ని పైన పెట్టకండి. నిజంగా కావాల్సింది పైన, వచ్చేది కింద.

ఇక బీటెక్ వాళ్ల జీఆర్‌ఈ లెక్క వేరు. 1936లో హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, కొలంబియా యూనివర్సిటీలు కార్నెగీ ఫౌండేషన్‌తో కలిసి దాన్ని మొదలుపెట్టాయి. ఇప్పుడు ఆ పరీక్ష నడిపే ఈటీఎస్ సంస్థే, ఆ స్కోరు ఒక్కటే చూసి ఎవరినీ కాదనొద్దని యూనివర్సిటీలకు చెబుతుంది. అక్కడ ర్యాంకూ లేదు, లోకల్ కోటా లేదు. మార్కులు, సిఫార్సు లెటర్లు, మీరు రాసుకునే ఎస్‌ఓపీ అన్నీ కలిపి చూస్తారు. కాబట్టి అక్కడ కాస్త తక్కువ స్కోరు వచ్చిందని ఆగిపోవాల్సిన పనిలేదు.

మన తాతల కాలంలో దూరం నిర్ణయించింది, తర్వాత అప్లికేషన్ ఫీజు నిర్ణయించింది. ఇప్పుడు ఆప్షన్ల లిస్టు మీ చేతిలో ఉంది. దాన్ని నెట్ సెంటర్ అన్నకు వదిలేయకుండా మీరే కూర్చుని పెట్టుకోండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.