హైదరాబాదులో శాస్త్ర పరిశోధన

శాస్త్ర, సాంకేతిక పరిశోధనకు దేశంలో పేరుపడ్డ నగరాల్లో హైదరాబాదు ఒకటి. తార్నాక, హబ్సిగూడ, జామై ఉస్మానియా ప్రాంతాల్లో రెండు మూడు కిలోమీటర్ల లోపే ఒక విశ్వవిద్యాలయం, ఒక రసాయన సంస్థ, ఒక భూభౌతిక సంస్థ, జీవకణాల మీద ఒకటి, తిండి మీద ఒకటి ఉన్నాయి. కంచన్‌బాగ్‌లో క్షిపణులు, లోహాలు. పటాన్‌చెరులో జొన్న, కంది. రాజేంద్రనగర్‌లో వరి. ప్రగతినగర్‌లో సముద్రం మీద పరిశోధన చేసే సంస్థ కూడా ఉంది. ఇవన్నీ ఒక పథకం ప్రకారం వచ్చినవి కావు. కొన్ని నిజాం కాలపు డబ్బుతో వచ్చాయి, కొన్ని సరిహద్దులకు దూరంగా ఉండాలన్న రక్షణ అవసరంతో, కొన్ని ఇక్కడి మెట్టనేల కోసం. ఒకటి రెండు మాత్రం ఫలానా మనిషి పట్టుపట్టడం వల్లనే వచ్చాయి. వీటి చరిత్రలో చెప్పుకోదగ్గ ఘట్టాలు చాలావరకు ఒక శాస్త్రం వాళ్లు మరో శాస్త్రం వాళ్ల గుమ్మం తొక్కినప్పుడు జరిగినవే.

ఆధునిక పద్ధతిలో ఇక్కడ జరిగిన తొలి ప్రయోగాలు వైద్యానికి సంబంధించినవి. శస్త్రచికిత్సలో మత్తుకు వాడే క్లోరోఫాం వల్ల కొందరు రోగులు చనిపోతున్నారు. ముందు ఆగేది గుండెనా, ఊపిరా అన్నది అప్పటి వివాదం. ఎడ్వర్డ్ లారీ అనే సర్జన్ పూనికతో, నిజాం ప్రభుత్వ ఖర్చుతో 1888లో, 1889లో రెండు కమిషన్లు జంతువుల మీద పరీక్షలు జరిపి, ముందు ఆగేది ఊపిరేనని తేల్చాయి. ఆ తీర్పు తర్వాత నిలబడలేదు. క్లోరోఫాం గుండె లయనే దెబ్బతీసి చంపగలదని 1911 నాటికి ఇంగ్లండులో ఎ.జి.లెవీ చూపించాడు. అయినా ఒక సంస్థానం తన ఖజానా నుంచి డబ్బు తీసి, ప్రపంచమంతా వాదించుకుంటున్న ప్రశ్న మీద ప్రయోగాలు చేయించడం ఆ రోజుల్లో మామూలు సంగతి కాదు.

1897 ఆగస్టులో బేగంపేటలో రొనాల్డ్ రాస్ చేసిన పని మాత్రం చెక్కుచెదరకుండా నిలిచింది. హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని దోమలతో కుట్టించి, కాటుకు ఒక అణా చొప్పున ఇచ్చి, ఆ దోమలను ఒక్కొక్కటిగా కోసి చూసేవాడు. ఉక్కపోతలో పంకా వేయించుకునే వీలు లేదు, గాలికి దోమలు ఎగిరిపోతాయి. నుదుటి చెమట కారి సూక్ష్మదర్శిని మరలు తుప్పు పట్టాయి. ఆగస్టు 20న, రెక్కల మీద మచ్చలున్న ఒక దోమ పొట్ట గోడలో గుండ్రటి కణాలు కనిపించాయి. వాటిలో మలేరియా క్రిమికి గుర్తయిన నల్లటి రేణువులున్నాయి. క్రిమి దోమలో పెరుగుతుందని అలా రుజువైంది. అది కాటు ద్వారా మరో ప్రాణికి చేరే దారిని మరుసటి ఏడు కలకత్తాలో పక్షుల మీద చూపించాడు. 1902లో నోబెల్ బహుమతి వచ్చింది.

అంతకన్నా తక్కువ మందికి తెలిసిన కథ నిజామియా వేధశాలది. నవాబ్ జఫర్ జంగ్ ఇంగ్లండు నుంచి 15 అంగుళాల దూరదర్శిని తెప్పించి 1901లో ఫిసల్‌బండలో వేధశాల పెట్టాడు. ఆయన పోయాక 1908లో దాన్ని నిజాం ప్రభుత్వం తీసుకుని బేగంపేటకు మార్చింది. ఆకాశమంతటినీ ఫోటోలు తీసి నక్షత్రాల జాబితా తయారు చేయాలని 1887లో పారిస్‌లో ఒక అంతర్జాతీయ పథకం మొదలైంది. అందులో చిలీలోని శాంటియాగోకు కేటాయించిన దక్షిణాకాశపు పట్టీ అక్కడ పూర్తయ్యే సూచన లేకపోవడంతో హైదరాబాదుకు వచ్చింది.

పని ఇలా సాగేది: రాత్రి గాజు పలక మీద ఆకాశంలో ఒక చిన్న చదరాన్ని ఫోటో తీయాలి, పగలు ఆ పలకను సూక్ష్మదర్శిని కింద పెట్టి, గీతల గడిలో ఒక్కొక్క చుక్క ఎక్కడుందో కొలిచి చిట్టాలో రాయాలి. 1918 నుంచి 1944 దాకా డైరెక్టరుగా ఉన్న టి.పి.భాస్కరశాస్త్రి హయాంలో ఇందులో చాలా భాగం పూర్తయింది. మొత్తం ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలు పన్నెండు సంపుటాలుగా అచ్చయ్యాయి. ఆ అంకెలు అలమరాల్లో ఉండిపోలేదు. యూరోపు వాళ్ల హిప్పార్కస్ ఉపగ్రహం కొలతలకు ఈ పాత జాబితాలను జోడించి, 25 లక్షల నక్షత్రాలు ఏ దిక్కుకు ఎంత వేగంతో జరుగుతున్నాయో 2000లో లెక్కకట్టారు. వందేళ్ల కిందటి కొలత లేకపోతే ఆ కదలిక అంత కచ్చితంగా తేలేది కాదు. ఈ వేధశాలలోనే తండ్రి ఉద్యోగం చేస్తుంటే పెరిగిన కుర్రవాడు వైను బప్పు; ఆయన పేరు మీద ఒక తోకచుక్క, నక్షత్రాల కాంతికి సంబంధించిన ఒక సూత్రం ఉన్నాయి.

1944లో నిజాం ప్రభుత్వం పరిశ్రమలకు పనికొచ్చే పరిశోధన కోసం కేంద్ర ప్రయోగశాలలను స్థాపించింది. 1956లో అవి కేంద్ర ప్రభుత్వ పరిశోధన మండలి సి.ఎస్.ఐ.ఆర్. చేతికి వచ్చి ప్రాంతీయ పరిశోధనశాల అయ్యాయి. ఊళ్లో ఇప్పటికీ చాలామంది నోట ఆర్.ఆర్.ఎల్. అనే పేరే వినిపిస్తుంది. 1989 నుంచి అది భారతీయ రసాయన సాంకేతిక సంస్థ, ఐ.ఐ.సి.టి. బొగ్గు, నూనెలు, పురుగుమందులు దాటి మందుల తయారీకి మళ్లడం దాని చరిత్రలో పెద్ద మలుపు. గుంటూరు నుంచి వచ్చిన ఎ.వి.రామారావు డైరెక్టరుగా ఉన్నప్పుడు ఎయిడ్స్ మందు ఎ.జడ్.టి.ని చౌకగా తయారుచేసే పద్ధతిని ఇక్కడ రూపొందించగా, 1993లో సిప్లా దాన్ని మార్కెట్లోకి తెచ్చింది. అదే కాలానికి, ప్రభుత్వ మందుల సంస్థ ఐ.డి.పి.ఎల్.లో పనిచేసి బయటికొచ్చిన అంజిరెడ్డి లాంటి వాళ్లు నగరాన్ని మందుల ఫ్యాక్టరీల ఊరుగా మార్చేశారు.

తిండి మీద పరిశోధన హైదరాబాదుకు కూనూరు నుంచి వచ్చింది. 1918లో రాబర్ట్ మెకారిసన్ అక్కడ ఒక గదిలో మొదలుపెట్టిన బెరిబెరి విచారణే పెరిగి పెద్దదై, 1958లో ఇక్కడికి చేరి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. దక్కనులో ఆ సంస్థ కోసం ప్రశ్నలు సిద్ధంగా ఉన్నాయి. జొన్నే ముఖ్యాహారంగా బతికే పేదల్లో చర్మం నల్లబడి పొరలూడే పెల్లాగ్రా ఎందుకొస్తోంది? మొక్కజొన్న తినేవాళ్ల జబ్బుగా ప్రపంచానికి తెలిసిన దాన్ని జొన్న తినేవాళ్లలో చూసి, జొన్నలో ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువగా ఉండటమే కారణం కావచ్చని గోపాలన్, శ్రీకంఠయ్య 1960లో ప్రతిపాదించారు. దాని మీద తర్వాత ఏళ్ల తరబడి చర్చ నడిచింది. చిన్నపిల్లలకు ఆరు నెలలకోసారి రెండు లక్షల యూనిట్ల విటమిన్-ఎ ఒకే మోతాదుగా తాగించి రేచీకటిని, అంధత్వాన్ని అడ్డుకోవచ్చని చూపింది కూడా ఈ సంస్థే. 1970లో అది జాతీయ కార్యక్రమమైంది.

నల్లగొండ ఫ్లోరైడ్ సంగతి కాస్త నిలిచి చెప్పుకోవాలి. నీళ్లలోని ఫ్లోరైడ్ ఎముకలను పాడు చేస్తుందని 1937లోనే నాటి నెల్లూరు జిల్లా పల్లెల నుంచి వైద్యులు రాశారు. 1973లో పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి నల్లగొండ ప్రాంతంలో కొత్త లక్షణాన్ని నమోదు చేశారు: పిల్లల మోకాళ్లు ఒకదానికొకటి రాసుకునేలా లోపలికి వంగిపోవడం. వైద్యులు కారణం వెతుకుతుండగా, నాగపూర్‌లోని పర్యావరణ ఇంజినీరింగ్ సంస్థ వాళ్లు విరుగుడు వెతికారు. నీళ్లలో సున్నం, కొద్దిగా బ్లీచింగ్ పౌడరు వేసి, తర్వాత పటిక కలిపి పది నిమిషాలు నెమ్మదిగా తిప్పుతారు. పటిక తెల్లటి తెట్టులా విడిపోయి ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుక్కి దిగుతుంది. గంటసేపు కదపకుండా ఉంచి పైతేట వంపుకోవాలి. బకెట్టుతో ఇంట్లోనూ చేసుకోవచ్చు. ‘నల్లగొండ టెక్నిక్’ అన్న పేరుతో టాంజానియా, ఇథియోపియా, కెన్యాల దాకా వెళ్లింది. రోజూ పటిక కొని, కొలిచి, మడ్డి పారబోసే ఓపిక ప్రతి ఇంటికీ ఎక్కడిది? అందుకే అది శాశ్వత పరిష్కారం కాలేదు. దూరం నుంచి నది నీళ్లు తెచ్చి పంచాల్సి వచ్చింది. ఒక జబ్బును వైద్యుడు గుర్తించి, రసాయన ఇంజినీరు మందు చెప్పినా, ఊరికి పైపు వేయందే పని పూర్తికాదని ఈ కథ చూపిస్తుంది.

1960ల్లో ఒకదాని వెంట ఒకటి వచ్చిన సంస్థలను గుర్తుపెట్టుకోవడమే కష్టం. 1961లో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ. మరుసటి ఏడు ఢిల్లీ నుంచి తరలి వచ్చిన క్షిపణి ప్రయోగశాల డి.ఆర్.డి.ఎల్. 1963లో లోహాల కోసం డి.ఎం.ఆర్.ఎల్. 1967లో ఎలక్ట్రానిక్స్ కోసం ఇ.సి.ఐ.ఎల్. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన అయ్యగారి సాంబశివరావు నిలబెట్టిన ఈ చివరి సంస్థ 1969లో టి.డి.సి.-12 అనే కంప్యూటరును దేశీయంగా తయారు చేసింది. భూభౌతిక సంస్థకు పేరు తెచ్చింది మహారాష్ట్రలోని కోయనా. 1967 డిసెంబరులో అక్కడ వచ్చిన భూకంపానికి, కొత్తగా నిండిన జలాశయానికి ఉన్న సంబంధం హర్ష్ గుప్తా లాంటి వాళ్లకు జీవితకాలపు పరిశోధన అయింది.

క్షిపణి పరిశోధన నుంచి అబ్దుల్ కలాం కాలంలో వచ్చిన ఒక వస్తువు గురించి ఆయనే ఎంతో ఇష్టంగా చెప్పేవారు. అగ్ని క్షిపణి ముక్కు భాగం వాతావరణంలోకి తిరిగి దిగేటప్పుడు విపరీతమైన వేడిని తట్టుకోవాలి. దానికోసం తేలికైన, గట్టి మిశ్రమ పదార్థాలు తయారు చేశారు. ఆ పదార్థాన్ని చూసిన నిమ్స్ ఆసుపత్రి ఎముకల వైద్యుడు ఒకాయన కలాంను తన వార్డుకు తీసుకెళ్లాడు. పోలియో వచ్చిన పిల్లలు మూడు కిలోలకు పైబడ్డ ఇనుప క్యాలిపర్లు ఈడ్చుకుంటూ నడుస్తున్నారు. కొద్ది వారాల్లోనే మూడు వందల గ్రాముల క్యాలిపర్ తయారైంది.

పటాన్‌చెరులో 1972లో ఇక్రిశాట్ పెట్టడానికి నేల కూడా ఒక కారణం: ఎర్రనేల, నల్లరేగడి రెండూ ఒకే ఆవరణలో దొరికాయి. వానాధార పంటల మీద పనిచేసే సంస్థకు అంతకన్నా ఏం కావాలి. జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ, చిరుధాన్యాల విత్తనాలు లక్షా ఇరవై వేల రకాలకు పైగా అక్కడి చల్లటి గదుల్లో ఉన్నాయి. దీర్ఘకాలం ఉంచాల్సినవి మైనస్ 20 డిగ్రీల్లో. అడవి కందిని వాడి పుప్పొడి లేని మొక్కలను రాబట్టి, వాటితో ప్రపంచంలో తొలి వాణిజ్య కంది హైబ్రిడ్‌ను తయారు చేసింది ఇక్కడే.

హబ్సిగూడలోని జీవకణాల పరిశోధన సంస్థ సి.సి.ఎం.బి. పుట్టుక ఆర్.ఆర్.ఎల్.లోని జీవరసాయన విభాగం నుంచి. 1977లో పుష్ప మిత్ర భార్గవ పట్టుదలతో అది వేరైంది. అక్కడికి వచ్చిన లాల్జీ సింగ్ పసుపు, నల్ల పట్టీల కట్లపాము డి.ఎన్.ఏ. నుంచి తీసిన ఒక తునకతో మనుషులను గుర్తించే పద్ధతిని తయారు చేశాడు. పాముల్లో ఆడమగ తేడా ఎలా ఏర్పడుతుందన్న శుద్ధ కుతూహలంతో మొదలైన పని కోర్టు బోనులో సాక్ష్యంగా నిలిచింది.

తెలుగువాళ్ల కంచానికి అన్నిటికన్నా దగ్గరగా వచ్చిన పరిశోధన సాంబ మసూరిది. 1986లో బాపట్ల నుంచి విడుదలైన బీపీటీ 5204 సన్నబియ్యం తెలుగు నేలంతా పాకింది. దాని బలహీనత బ్యాక్టీరియా ఎండాకు తెగులు: ఆకు అంచుల నుంచి పసుపు చారలు మొదలై, పొలం మంటకు కమిలినట్టు ఎండుతుంది. కొట్టడానికి సరైన మందు లేదు. సి.సి.ఎం.బి.లో రమేష్ సొంటి బృందం, రాజేంద్రనగర్ వరి పరిశోధకులు చేతులు కలిపారు. తెగులును తట్టుకునే మూడు జన్యువులున్న వరితో సాంబను సంకరం చేసి, పుట్టిన మొక్కలను మళ్లీ మళ్లీ సాంబతోనే కలిపారు. ప్రతి తరంలో ఆకు ముక్క తీసి డి.ఎన్.ఏ. పరీక్షతో మూడు జన్యువులూ ఉన్న మొక్కలనే ఏరారు. ఆ మూడింటిలో ఎక్స్ఏ-21 మూలం ఆఫ్రికాలోని మాలి దేశపు అడవి వరి. 2008లో మెరుగుపరచిన సాంబ మసూరి విడుదలైంది. గింజ సన్నదనం, వంటలో పొడిపొడి గుణం పోలేదు. తెగులు పడ్డ ఏడు కూడా దాన్ని వేసిన రైతుకు దిగుబడి చేతికొస్తుంది.

ఆ దశకంలోనే సముద్ర సమాచార సంస్థ ఇన్కాయిస్ చేపల వేటకు అనువైన చోట్లు చెప్పే సూచనలను మత్స్యకారులకు అందించింది. ఉపగ్రహం చూసిన సముద్రపు వేడి, నీటి పచ్చదనం కలిపి చేపలు ఎక్కడ గుమిగూడతాయో అంచనా కట్టడమే అందులోని పని. 2004 సునామీ తర్వాత, 2007 అక్టోబరులో హెచ్చరిక కేంద్రం కూడా ఇక్కడే మొదలైంది. టీకాల్లో శాంతా బయోటెక్నిక్స్ 1997లో యాభై రూపాయలకే హెపటైటిస్-బి టీకా ఇచ్చింది. దాని తొలి పరిశోధన ఉస్మానియాలో, తర్వాత సి.సి.ఎం.బి.లో సాగింది. 2021లో భారత్ బయోటెక్ కోవిడ్ టీకా కోవాగ్జిన్ వచ్చింది.

ఈ పెరుగుదలకు ఊరు చెల్లించిన మూల్యమూ పరిశోధనాంశమే అయింది. పటాన్‌చెరు పరిసరాల మందుల ఫ్యాక్టరీల మురుగును శుద్ధి చేసి వదులుతున్న నీటిలో సిప్రోఫ్లాక్ససిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని 2007లో స్వీడన్ శాస్త్రవేత్త జోకిమ్ లార్సన్ బృందం ప్రచురించింది. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండే మోతాదు కన్నా అది ఎక్కువ. అలాంటి నీళ్లలో బతకనేర్చిన బ్యాక్టీరియా మందులకు లొంగదు. ఈ పేరు ఊరికి మంచిది కాదు, అయినా చరిత్రలో రాయక తప్పదు.

మురుగునీరే 2020 ఆగస్టులో మరో రకంగా ఉపయోగపడింది. కోవిడ్ సోకినవాళ్ల మలంలో వైరస్ జన్యుపదార్థం ముప్పై అయిదు రోజుల దాకా వస్తుంది. సి.సి.ఎం.బి., ఐ.ఐ.సి.టి. పరిశోధకులు నగరంలోని మురుగుశుద్ధి కేంద్రాల నుంచి నమూనాలు తీసి, వాటిలోని వైరస్‌ను కొలిచి, అప్పటికి అయిదు వారాల్లో హైదరాబాదులో సుమారు 6.6 లక్షల మందికి సోకి ఉంటుందని, అంటే జనాభాలో ఆరు శాతం దాకా ఉంటుందని అంచనా వేశారు. పరీక్షల్లో తేలిన కేసుల సంఖ్య దానికి చాలా దూరంలో ఉంది. లక్షణాలు లేక పరీక్షకే వెళ్లనివాళ్లను కూడా ఈ లెక్క పట్టుకుంది.